మావయ్య పొలంలో తాలు

ఆ రోజుల్లో నాకు పొగరు బాగా ఎక్కువ. నేను పరిశోధన చేస్తున్నానని గుణదలలో మా వీధి కుక్కలక్కూడా తెలుసు. "అయాన్ మైక్రోబీమ్ అని ఒకటుందండీ. వెంట్రుకకన్నా సన్నటి పుంజం. గింజ మీద కొడితే ఏ మూల జింకుందో, ఏ మూల ఇనుముందో పటం గీసి చూపిస్తుంది" అని పాలాయన దగ్గర్నుంచి ఆటో ఆయన దాకా అందరికీ పాఠం చెప్పాను. (ఆటో ఆయన "రేషన్ బియ్యం పెడితే రాళ్లు కూడా కనపడతయ్యా మేడమ్?" అన్నాడు. ఆయన అజ్ఞానానికి జాలిపడ్డాను.)

అసలు సంగతి మావయ్య పొలం. మైలవరం దగ్గర ఆయనకున్న రెండెకరాల్లో ఒక చెక్క మాత్రం మూడేళ్లుగా తాలే పండుతోంది. కంకి నిండా పొట్టు, లోపల గింజుండదు. "ఎందుకో కనుక్కో అమ్మడూ, లేకపోతే అది వదిలేసుకోవాల్సిందే" అన్నాడు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ఆ యంత్రం మీద, ఏడాది పడిగాపులు పడితే నాకు రెండ్రోజులు దక్కాయి. నా ముందు పాత నాణేల ఆయన, నా తర్వాత కేన్సర్ కణాల డాక్టరమ్మ, మధ్యలో మా వడ్లు.

మావయ్య కవరులో వేసి పంపిన వడ్లను అమ్మే స్టీలు డబ్బాలో పోసి నా సంచిలో సర్దింది. గుణదల మాతకి కొవ్వొత్తి కూడా వెలిగించి వచ్చింది. తీరా అక్కడికెళ్లి డబ్బా మూత తీద్దును కదా, గింజలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తాలు లేదు. నాక్కావలసింది ఆ తాలే! అమ్మకి ఫోన్ చేశాను.

"చేటలో చెరిగి తాలు పారబోశాను లేవే. మా తమ్ముడి పొలం తాలు పండిందని పరాయివాళ్లకి చూపిస్తావా? పరువుండొద్దూ?"

"నీకసలు బుద్ధుందా? చదువూ సంధ్యా లేనిదానివి, నా సంచి ఎందుకు ముట్టుకున్నావు?"

"తప్పైపోయిందమ్మా" అంది. జీవితంలో నన్ను "ఏమే" అని తప్ప పిలవని మనిషి.

వచ్చిన వంతు పోగొట్టుకోలేక గట్టి గింజలే పెట్టాం. పటం దివ్యంగా వచ్చింది. యంత్రం నడిపే ఆయన "వీటికేం లోపం లేదమ్మా" అని మెచ్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ వంతు కోసం రాశాను, రాలేదు. తర్వాతి పంటా తాలే. మావయ్య ఆ చెక్క అమ్మేశాడు. నన్నొక్క మాటనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు బెజవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. వీధి వీధంతటికీ పాఠం చెప్పిన నేను, ఏ గింజలు కావాలో ఇంట్లో మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, లాగి ఒక్కటివ్వాలనీ ఉంటుంది.

అమ్మ ఈనాటికీ నా సంచి ముట్టుకోదు. కానీ ఏటా మావయ్య మిగిలిన పొలంలో కోతలకి వెళ్లి, వచ్చేటప్పుడు గుప్పెడు తాలు కాగితంలో పొట్లం కట్టి తెస్తుంది. నా గది గుమ్మం బయటే నిలబడి "ఇవి నీకు పనికొస్తాయేమో చూడమ్మా" అంటుంది.

"పనికొస్తాయమ్మా" అని తీసుకుని, బీరువాలో పాత పొట్లాల పక్కన పెడతాను.