అటు దిక్కు నుంచి చెయ్యి ఊపొద్దు

మా ఊరి స్టాపు దగ్గర ఉరికొచ్చే బండిని ఒంటిచేత్తో ఆపి మనుమరాలిని కాపాడుకున్నవాణ్ని నేను. భుజం మీది తువ్వాల తీసి ఒక్క ఊపు ఊపాను. బ్రేకులు కిర్రుమన్నాయి. నా పంచె అంచుకు తగిలీ తగలకుండా బండి ఆగిపోయింది. ఈ కథ గద్వాలలో చెప్పినప్పుడు ఆ బండి డీసీఎం వ్యాను. కృష్ణ దాటి వనపర్తిలో మా బామ్మర్ది ఇంట్లో చెప్పేసరికి లారీ అయింది. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పెళ్లిలో వినేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇసుక టిప్పర్ అయింది. ఇంకో జిల్లా దాటి ఉంటే రైలయ్యేదేమో.

అసలు సంగతి వేరు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి కొంచెం కిందికి దిగాలి.

గద్వాల నుంచి వడ్డేపల్లి వైపు పోయే రోడ్డు మీద మాది ఒక చిన్న ఊరు. పొద్దున బడి బస్సు గద్వాలకు పోయేటప్పుడు దాని డోరు ఊరి వైపే ఉంటుంది, పిల్లలు ఎక్కేస్తారు, చిక్కు లేదు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు డోరు అవతల చేన్ల వైపు తెరుచుకుంటుంది. పిల్లలు దిగి, రోడ్డు దాటి ఊళ్లోకి రావాలి. దాటించాల్సిన తల్లులు ఆ వేళకు ఇంట్లో ఉండరు. మా దగ్గర విత్తన పత్తి ఎక్కువ. పొద్దున పువ్వులకు పుప్పొడి అద్దడం, సాయంత్రం మర్నాటి కోసం మొగ్గలు గిల్లడం. ఆ పని మొదలైందంటే చీకటి పడే దాకా ఆడవాళ్లు చేను వదలరు. అందుకని పిల్లల కోసం వచ్చేది మాలాంటి ముసలివాళ్లం. ఊరి వైపు చాయ హోటల్ ఉంది, నీడ ఉంది, వేడి వేడి మిర్చి బజ్జీ ఉంది. మేం ఆ బల్ల మీద కూర్చుని, బస్సు ఆగగానే చెయ్యి ఊపేవాళ్లం. పిల్లలు ఉరికి వచ్చేవారు. ఏళ్లుగా అదే పద్ధతి.

మనుమరాలు ఒకటో తరగతిలో చేరిన ఏడాది బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు. గద్వాల పట్నం మనిషి, సాయిబు, గడ్డం నెరిసింది. అంతకు ముందు వనపర్తిలో బడి బస్సు నడిపాడట. ఆ బస్సులో ఆయమ్మ లేదు. ఎక్కించుకునేదీ దించేదీ ఆయనే. వచ్చిన మొదటి రోజు బస్సు ఆపాడు కానీ డోరు తియ్యలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను పిలిచాడు.

"పెద్దయ్యా, జర ఇటు దిక్కు రా."

"ఎందుకయ్యా? నువ్వు పిల్లను దించు, అదే వస్తది. మా ఊరి రోడ్డు దానికి తెల్వదా?"

"దానికి రోడ్డు తెలుసు. రోడ్డుకు అది తెల్వదు గద."

"నాకు మోకాలు నొస్తుంది."

"నిమ్మలంగ రా. నాకేం జల్ది లేదు."

ఇంజను ఆపేసి కూర్చున్నాడు. వెనక ట్రాక్టరు వాడు హారను మోగించాడు. బస్సులో పిల్లలు "తాతా రా! తాతా రా!" అని పాట అందుకున్నారు. చాయ హోటలామె బజ్జీలు తిప్పుతూ, "పో మామా. కల్లు దుకానం దాకా పోయేటప్పుడు నొయ్యని మోకాలు ఇప్పుడే నొచ్చెనా?" అంది. అందరూ నవ్వారు. నేను గొణుక్కుంటూ రోడ్డు దాటాను.

ఆ డ్రైవరుకు రెండే పట్టింపులు. ఒకటి, పెద్దవాళ్లు డోరు వైపుకు వచ్చి నిలబడితేనే పిల్లను దించుతాడు. రెండోది పిల్లలకు నేర్పాడు. బస్సు వెనక నుంచి దాటకూడదు. ముందు నుంచి పోవాలి, అదీ బస్సుకు ఆనుకుని కాదు, ఆయన మొహం కనపడేటంత దూరం పోయి నిలబడాలి. మొహంలోకి చూడాలి. ఆయన చెయ్యి ఊపితేనే కదలాలి. అరచెయ్యి అడ్డం పెడితే ఆగిపోవాలి. ఇది వాళ్లకు ఆటలాగా ఉండేది. మా మనుమరాలు ఇంట్లో కూడా నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "నువ్వు డ్రైవర్ సాబువి. చెయ్యి ఊపు తాతా" అనేది. నేను ఊపితే వాకిలి దాటేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. నా పిల్లను ఎట్లా దాటించుకోవాలో నాకొకడు చెప్పాలా? మర్నాటి నుంచి ఒకరోజు పిలవకముందే దాటేవాణ్ని, రెండు రోజులు బల్ల వదిలేవాణ్ని కాదు. అట్లా మొండికేసిన రోజు పిల్ల బస్సులోనే కిటికీకి ముక్కు ఆనించి చూసేది. చివరికి నేనే ఓడిపోయి రోడ్డు దాటేవాణ్ని.

ఆ రోజు కూడా నేను బల్ల మీదే ఉన్నాను. పక్కింటామె తన ఇద్దరు పిల్లల కోసం అవతలికి పోయింది. డోరు తెరుచుకుంది. ఆ ఇద్దరి మధ్యలో నుంచి మా పిల్ల కూడా దిగేసింది, ఆమె కొంగు పట్టుకుని. నేను చూసి, బజ్జీ పొట్లం పైకెత్తి, "రా, రా" అని చెయ్యి ఊపాను. అది కొంగు వదిలేసింది. బస్సు ముందు నుంచి ఉరికింది.

నా చూపు పిల్ల మీదే ఉంది, రోడ్డు మీద లేదు. పత్తి బస్తాల డీసీఎం ఒకటి బస్సును దాటుకుంటూ వస్తోంది. డ్రైవరుకు అద్దంలో కనపడింది. పెద్దగా హారను కొట్టాడు, అరచెయ్యి ముందు అద్దానికి ఆనించాడు. నేనింకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఒక పక్క నా చెయ్యి, బజ్జీ పొట్లంతో సహా. ఇంకో పక్క ఆయన చెయ్యి. పిల్ల బస్సు ముందే బిగుసుకుని నిలబడిపోయింది. తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది.

టిప్పర్ కాదు, లారీ కాదు, డీసీఎం. అదీ ఆగలేదు. నా తువ్వాల భుజం మీదనే ఉంది. దుమ్ము లేపుకుంటూ బండి మా ఇద్దరి మధ్య నుంచి పోయింది. పోతుంటే ఒక్క క్షణం పిల్ల నాకు కనపడలేదు. ఆ క్షణం గురించి నేను ఏ పెళ్లిలోనూ చెప్పలేదు.

బండి పోగానే ఒక్క దూకులో రోడ్డు దాటి పోయి దాని చెయ్యి పట్టుకున్నాను.

డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పెద్దయ్యా, నువ్వు పిలిస్తే పిల్లకు నువ్వే కనవడ్తవు. నడుమ రోడ్డు కనవడదు. పిలవొద్దని అంటలేను. దాని పక్కన నిలవడి పిలువు."

ఆ రాత్రి కోడలు చేను నుంచి వచ్చాక చెప్పాను. ఆమె పోయి, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి సరిచేసింది. తరువాత, "పిల్లను బడి మాన్పియ్యాల్నా, నువ్వు బల్ల మీదకెల్లి లేస్తవా మామా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

మరునాడు బస్సు రాకముందే నేను అవతలి వైపు నిలబడ్డాను. ఒక్కణ్నే ఎండలో నిలబడితే బాగుండదని, బల్ల మీద ఉన్న తోటి ముసలివాళ్లను పేరుపేరునా తిట్టి పిలిచాను. ఎండకు ఎవరూ రారని అర్థమై, ఒక విత్తనాల కంపెనీ వాళ్ల పాత ఫ్లెక్సీ తెచ్చి కరెంటు స్తంభానికీ వేప కొమ్మకూ కట్టాను. ఇది మాత్రం నిజం, మీరు వచ్చి చూసుకోవచ్చు. చిరిగితే ఇంకోటి కడతాను. ఇప్పుడు సాయంత్రం మేమంతా డోరు వైపే ఉంటాం. హోటలామె చాయ కెటిల్ అక్కడికే పంపుతుంది. ఈ జూన్‌లో కొత్తగా చేరిన చిన్న పిల్లలు కూడా తాతల వేళ్లు పట్టుకుని బస్సు ముందుకు పోయి, మెడలు ఎత్తి, ఆయన మొహం వైపు చూస్తారు. ఆయన చెయ్యి ఊపాకనే ముసలివాళ్లతో సహా అందరం కదులుతాం.

ఆ రోజు పిల్ల నా చెయ్యిని కాదని ఆయన చెయ్యిని నమ్మింది. మొదట్లో అది ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు తలుచుకుంటే గుండె చల్లబడుతుంది. నేను తప్పు చేసినా ఆగడం తెలిసిన పిల్ల అది.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం దానికే చదివి వినిపించాను. ఇప్పుడు మూడో తరగతి. బొమ్మకు రంగులు వేసుకుంటూ విన్నది. అయిపోయాక తల ఎత్తకుండానే అంది:

"నువ్వు దూకలే తాతా. గాడ బల్ల కాడనే ఉన్నవ్. సాబు చెయ్యి ఊపిండు, నేనే రోడ్డు దాటొచ్చి నీ చెయ్యి పట్టుకున్న. నువ్వు ఏడుస్తుంటివి."