ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు

డెబ్బైల మొదట్లో నేను తెనాలిలో విలేకరిని. కోర్టు వార్తల కోసం మధ్యాహ్నాలు వకీళ్ల గదికి వెళ్లేవాణ్ణి. దాని వసారాలోనే ఆమె పరిచయమైంది. రేపల్లె అవతల లంకలో ఉండే వితంతువు. ఉన్న ఎకరం కోసం మరిదితో దావా. మాటిమాటికీ అంత దూరం నుంచి రాలేవు కదా అని, అందరి దగ్గరా తీసుకున్నట్టే, ఆమె వకీలు మొదటిరోజే మూడు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. వాటిలో ఒకటి రాజీ పిటిషన్‌గా మారింది. పొలం మరిదికి పోయింది.

వకీళ్లకు ప్రాక్టీసు చేసుకునే సన్నదులిచ్చేదీ, తప్పు చేస్తే వాటిని తీసేసేదీ ఒక మండలి. దానికి ఆమె తరఫున ఫిర్యాదు నేనే రాసి పంపాను.

ఆ నెలలోనే మండలికి ఎన్నికలు వచ్చాయి. ఓటర్లు వకీళ్లే, ఓట్లు పోస్టులో. ఒకరోజు వెళ్లేసరికి జూనియర్లు కవర్ల మీద సంతకాలు చేసి, లోపలి ఓటు కాగితం ఖాళీగానే ఆమె వకీలు బల్లమీద పెట్టి టిఫిన్‌కు పోతున్నారు. ఆయన తీరిగ్గా నింపుకుంటున్నాడు. నన్ను చూసి దాచుకోలేదు. కుర్చీ చూపించాడు.

బాపట్ల నుంచి వాయిదాకు వచ్చిన ఒక ముసలి వకీలును బయట అడిగాను, ఈ మండలిని ప్రభుత్వమో జడ్జీలో నియమిస్తే పోదా అని.

"ప్రభుత్వం వేస్తే మంత్రి మీద కేసు ఎవడు వాదిస్తాడోయ్? జడ్జీలు వేస్తే జడ్జి ముందు మా గొంతు లేస్తుందా?"

కవర్ల సంగతి పేపర్లో రాయలేదు. రాస్తే ఆ గదిలో మర్నాటి నుంచి నాకు వార్త చెప్పేవాడుండడు.

కొన్నాళ్లకు, విచారణకు తగిన ఆధారం లేదని మండలి నుంచి ఉత్తరం వచ్చింది. వసారాలో చదివి వినిపించాను.

"ఈళ్లని ఎవరు పెట్టారు బాబూ?"

"వకీళ్లే ఓట్లేసి పెట్టుకున్నారమ్మా."

"మా వకీలు కూడానా?"

ఆయన కూడా అన్నాను. ఒక్క ఓటు కాదని చెప్పలేకపోయాను.

"మరిది మీద పంచాయతీకి మరిది బావమరుదుల్ని కూర్చోబెట్టినట్టుందే," అంది.

ఇంకో అర్జీ రాయమంది. రాసి, మొత్తం చదివి వినిపించి, సిరా డబ్బా ముందుకు జరిపాను. బొటనవేలికి సిరా అద్దుకుని ఆగింది. చదువు రాదు గానీ, పై వరుస ఖాళీ అని కనిపెట్టింది.

"ఇక్కడేంటి, ఏం రాయలేదు?"

ఎవరికి పంపాలో తోచక వదిలానన్నాను.

"అది నింపు బాబూ. అప్పుడేస్తా," అంది, సిరా వేలు చీరకు తగలకుండా ఎడంగా పట్టుకుని.