ఊపుకి అంకె వేసే మిసావో

కుమగాయ్ నోరు మూయించిన మనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూశాను. ఆయనది మా హనెసాకి రేవులో మూడంతస్తుల సత్రం, దానికి తగ్గ గొంతు. ఆ పొద్దున భూకంపం వచ్చిపోయి గంటన్నా కాలేదు, చెప్పులు టపటపలాడించుకుంటూ నా టోఫు కొట్లోకి వచ్చాడు. టోఫు కోసం కాదు. అక్కడ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఒనొదెరా మిసావో కోసం.

సంగతేమిటంటే రేడియోలో పక్క రేవుకి ఐదన్నారు, మాకు నాలుగన్నారు. భూకంపం ఒక్కటే అయినా ఊపు ఊరూరికీ వేరు. ఏ ఊరు ఎంత ఊగిందో సున్నా నుంచి ఏడు దాకా అంకె వేస్తారు, దాన్ని మేం షిందో అంటాం. అప్పట్లో ఆ అంకె యంత్రం వేసేది కాదు, మనిషి వేసేవాడు. మా ఊరికి వేసి వాతావరణ కేంద్రానికి ఫోను చేసేది మిసావో.

"వాళ్లు ఐదేయించుకుంటే నువ్వు మనకి నాలుగేస్తావా? మనూరు అంత తీసిపోయిందా?" అన్నాడు కుమగాయ్. పక్క రేవు వాళ్లంటే ఆయనకి పడదు. వాళ్లకి చేపలు ఎక్కువ పడ్డా పడదు, భూకంపం ఎక్కువ పడ్డా పడదు.

మిసావో ఒకటే అడిగింది. "మీరప్పుడు ఎక్కడున్నారు?"

మూడో అంతస్తులో ఉన్నానని, పూలకుండీలు వరసగా పడ్డాయని, స్నానాలతొట్టిలో నీళ్లన్నీ నేల మీదకొచ్చాయని ఆయన చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విని గిన్నె నా చేతికిచ్చింది. "మేడ మీద మనిషి మాట లెక్కలోకి రాదు. నేల మీద ఏమైందో చూద్దాం, రండి."

గుడి వెనక సమాధుల దగ్గరికి తీసుకెళ్లింది. కొట్టు వదిలేసి నేనూ వెనకే వెళ్లాను. ఇలాంటివి వదులుకునే రకం కాదు నేను.

"ఐదైతే రాళ్లు పడతాయి. పడ్డ రాయి ఒక్కటి చూపించండి, ఇప్పుడే ఫోను చేసి మారుస్తాను" అంది.

కుమగాయ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగాడు. ఒరిగిన రాయి కూడా లేదు. ఆఖరికి ఆవిడ కుమగాయ్ వాళ్ల ఇంటి రాయి దగ్గర ఆగింది. "మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు, పైగా నేల మీదే ఉన్నారు. ఆయన్నడగండి."

ఎలాగూ వచ్చాడు కాబట్టి కుమగాయ్ తండ్రి రాయికి దండం పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఏడాది దాకా నా కొట్లో టోఫు కొనలేదు. మధ్యలో నేనేం చేశానో మరి.

మిసావోకి ఈ పని మామగారి దగ్గర నుంచి వచ్చింది. కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే ఆయన ఆవిడకి చిన్న కాగితం ముక్కలూ పెన్సిలూ ఇచ్చాడు. ఇల్లు ఊగితే అందరూ పొయ్యి ఆర్పి బయటికి పరిగెడతారు. ఆయన మాత్రం పొయ్యి ఆర్పించి కోడల్ని నేల మీద కూర్చోబెట్టేవాడు. తలుపులు గలగలలాడాయా, వేలాడే దీపం ఊగిందా, పదింట ఎనిమిది పాళ్లు నింపిన గిన్నెలోంచి నీళ్లు ఒలికాయా, వీధిలో నడిచేవాడు ఆగి నేల చూసుకున్నాడా. ఊపు ఆగాక ఇద్దరూ చెరో కాగితం మీద అంకె వేసి బోర్లించేవాళ్లు. తిప్పి చూస్తే ఒకటే అంకె ఉండాలి. మామా కోడళ్లు అంత బాగా కలిసిన ఇల్లు మా ఊళ్లో ఇంకోటి లేదు. అత్తగారికి అదే మంట.

మొగుడు పోయిన రోజున, గుడి స్వామి మంత్రం చదువుతుంటే నేల కదిలింది. మిసావో శవానికి వంగి దండం పెట్టింది, లేచి పక్కగదిలోకి వెళ్లి ఫోను చేసి "మూడు" అంది, వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంది. ఊరంతా నెల రోజులు ఇదే చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను, కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. ఇప్పుడనిపిస్తుంది, మొగుడు పోయినా ఆవిడ అంకె తప్పలేదు కదా, మనమైతే ఆ రోజు ఎనిమిదేసేవాళ్లం.

హెయ్‌సేయ్ ఎనిమిదో ఏట, అంటే 1996లో, మా ఊరికే ఎత్తు మీదున్న పై ఊళ్లో, టౌను ఆఫీసు వెనక రాతిగుట్ట మీద యంత్రం పెట్టారు. మనుషులు అంకెలేసే రోజులు అయిపోయాయన్నారు. మిసావోకి ఒక పత్రం, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఏడుస్తుందేమోనని నేను చేతిరుమాలు పట్టుకెళ్లాను. ఏడవలేదు సరికదా, యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, దీనికి నిద్ర లేదు, జలుబు లేదు, నాకన్నా నయం అంది. నాకే ఉక్రోషం వచ్చింది. ఆవిడ తరఫున ఎవరో ఒకరు ఉడుక్కోవాలి కదా.

ఆ మరుసటేడు మార్చిలో, పదిన్నర పొద్దున, బాగా ఊగింది. నా కొట్టు కింద ఊళ్లో, నుమతా వీధిలో ఉంది. నుమతా అంటే బురదమడి. మా నాన్న కాలంలో అక్కడ వరి వేసేవాళ్లు, తర్వాత మట్టి పోసి ఇళ్లు కట్టారు. ఆ పొద్దున నా తొట్టెల్లో నీళ్లు అంచు దాటి నేలంతా పారాయి, టోఫు ముక్కలు రెండు నా కాళ్ల మీదే పడ్డాయి. టీవీ పెట్టాను. హనెసాకి, మూడు అని వచ్చింది. సరే మూడే అనుకుని, వచ్చినవాళ్లందరికీ మూడట అని చెప్తూ నేల తుడుచుకుంటున్నాను. ఈ తప్పు మా ఊళ్లో అందరం చేస్తాం. ఎంత ఊగామో తెలుసుకోవడానికి టీవీ ముందు కూర్చుంటాం.

మిసావో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "నీళ్లెవరు ఒలికించారు?"

భూకంపం అన్నాను.

"ఎంత?"

"మూడట, టీవీలో చెప్పారు."

"టీవీ వాడు నీ కొట్లో ఉన్నాడా? కాళ్లు తడిసింది నీవి. నీళ్లు తొట్టి దాటితే ఎంత?"

నాకు బళ్లో చదువు మూడో తరగతితో సరి. అయినా ముప్పై ఏళ్లు ఆవిడకి టోఫు అమ్మిన దాన్ని, ఆ మాత్రం తెలీదా. "నాలుగు" అన్నాను.

ఆవిడ గిరుక్కున తిరిగి వీధి చివరకి చూసింది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. నుమతా వీధి చివర కొండ తొలిచిన చోట ఎత్తు కాంక్రీటు గోడ ఉంది. దాని కింద పిల్లల బడి. నలభై మంది పిల్లలు, నా మనవరాలు హినా అందులోనే. నాలుగు వస్తే ఆఫీసు మనుషులు వెళ్లి గోడలు చూడాలని రూలు. మూడుకి ఎవరూ కదలరు. యంత్రం మూడంది కాబట్టి ఎవరూ కదల్లేదు.

ఆవిడ అప్పటికప్పుడు కాగితాలు తీసుకుని ఇల్లిల్లూ బయల్దేరింది. నేనూ తాళం వేసి వెంటపడ్డాను. ప్రతి ఇంట్లో నాలుగే ప్రశ్నలు: అప్పుడు ఎక్కడున్నారు, వేలాడేవి ఎంత ఊగాయి, నీళ్లు ఒలికాయా, ఏం పడ్డాయి. భయమేసిందా అని ఎవర్నీ అడగలేదు. అదేమిటి, అది కదా అడగాల్సింది అని నేనంటే, భయానికి అంకె లేదు కియో, నోరు మూసుకుని నడు అంది. పడవలు బాగుచేసే ముసలాయన ఒకడు, మా ఆవిడ లేచి నిలబడ్డా మా ఇల్లు ఇంతే ఊగుతుందన్నాడు. మిసావో నవ్వకుండా, ఆవిడ అప్పుడు నిలబడి ఉందా కూర్చుని ఉందా అని అడిగి రాసుకుంది.

మధ్యాహ్నానికి అరవై రెండు ఇళ్లయ్యాయి. మిసావో ఊరి పటం గీసి ఇంటింటికీ అంకె వేసింది. పై ఊరంతా మూడు. పాత మడుల మీద ఇళ్లన్నీ నాలుగు. మధ్య గీత ఎక్కడుందో మా నాన్నని లేపి అడిగినా అదే చెప్పేవాడు: మడిగట్టు ఉన్న చోటే.

టౌను ఆఫీసులో ఆ పని చూసేది చిదా అని, మంచివాడే, మెడకి టై ఉంది కాబట్టి కాస్త బిగుసుకుని ఉంటాడు. యంత్రాన్ని కేంద్రం వాళ్లు పరీక్ష చేసి ముద్ర వేశారని, మనుషుల మాట పట్టుకుని దాన్ని కాదనలేమని మర్యాదగా చెప్పుకొచ్చాడు. యంత్రం తప్పంటారని అనుకున్నాడు పాపం.

"యంత్రం తప్పు చెప్పలేదు చిదా గారూ" అంది మిసావో. "అది నిలబడ్డ చోటు మూడే ఊగింది. నుమతా సంగతి దాన్నెవరూ అడగలేదు, అదీ చెప్పలేదు. నేను అడిగొచ్చాను."

చిదా పటం మీదకి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని గోడ దగ్గరికి వచ్చాడు. గోడకి ఒక మూల, నా చిటికెన వేలు దూరేంత పగులు. నేను దూర్చి చూశాను, వద్దన్నా. ఆ సాయంత్రమే పిల్లల్ని గుడి హాల్లోకి మార్చారు. నెల తర్వాత గోడకి అతుకు వేసి మళ్లీ వెనక్కి తెచ్చారు.

అతుకు అతుకే. కొత్త గోడ కడతారా అంటే ఎప్పుడో. ఈసారి ఊగినప్పుడు ఎవరు వెళ్లి చూస్తారు, యంత్రం మళ్లీ మూడంటే? నుమతాలో రెండో యంత్రం కావాలని మిసావో అడిగింది. చిదా జిల్లా వాళ్లని అడిగి జవాబు తెచ్చాడు. ఒక్క భూకంపం చాలదు, ఏడాది పాటు నుమతాలో ఒకే చోట, నేల మీద, ఊపు ఆగిన వెంటనే, టీవీలో అంకె రాకముందే వేసిన అంకెలు కావాలి. అంకె పక్కన టైము, వేసిన మనిషి సంతకం. రెండు చోట్లకీ తేడా ఉన్నట్టు తేలితే యంత్రం ఇస్తారు. ఒక్క నెల ఖాళీ ఉన్నా లెక్కలోకి రాదు.

మిసావో ఇల్లు పై ఊళ్లో, రాయి మీద. భూకంపం చెప్పి రాదు కదా. మర్నాడే పరుపు చుట్ట చంకన పెట్టుకుని నా కొట్టు వెనకగదిలోకి వచ్చేసింది. ఉండొచ్చా అని అడగలేదు. తొట్టెలు ఎనిమిది పాళ్లకి మించి నింపకు అని మాత్రం చెప్పింది. నా కొట్లో నా తొట్టెలు. ఎనిమిది నెలలు ఇద్దరం ఒకే చూరు కింద ఉన్నాం. నా మిసో చారు ఉప్పంటుంది, నా గురక రెండంటుంది. గోడకి నోటుబుక్కు దారంతో కట్టింది. ఊగితే చాలు, నన్ను నోరెత్తనివ్వకుండా చెయ్యి చూపించి, ఆగాక అంకె వేసి, టైము రాసి, అప్పుడు టీవీ పెట్టేది. ఇరవై ఒక్క ఊపులు రాసింది. పదమూడింటికి పై ఊరి కన్నా నుమతా ఒకటి ఎక్కువ. ఆ నోటుబుక్కు ఇప్పుడు ఆఫీసు బీరువాలో ఉంది, నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

నవంబరులో ఒక వారం, మూడుసార్లు ఒకటి వేసింది. మూడుసార్లూ టీవీలో ఏమీ రాలేదు. చిన్న ఊపులు యంత్రం వదిలేసిందేమో అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆవిడ గిన్నె అంచు మీద చాప్‌స్టిక్కులు టకటకలాడటం విన్నాను. ఆవిడా విన్నది. కింద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. పట్టుకున్న చేయి కూడా ఆగలేదు.

నగరంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. వణుకు జబ్బు, తగ్గేది కాదు, నెమ్మదిగా పెరుగుతుందట. ఈ మాట నాకు చెప్పింది తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, వాన పడేలా ఉందన్నట్టుగా. తర్వాత నోటుబుక్కు తీసి ఆ మూడు అంకెల మీద ఒక్కో గీత కొట్టి, పక్కన "వేసిన మనిషి పొరపాటు" అని రాసి సంతకం పెట్టింది. సంతకం వంకరగా వచ్చింది. ఎవరికి తెలుస్తుంది, ఉండనియ్యి అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి నేను లేచి వెళ్లి టోఫు కోసుకున్నాను.

సాయంత్రం కొట్టు కట్టేస్తుంటే పిలిచింది. ఎదురుగా కూర్చోమంది. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి పెన్సిలు నా ముందు పెట్టింది. ఇంకా నాలుగు నెలలుంది.

"నీకు అంకెలు రాయడం వచ్చు. నీ పేరు రాయడం వచ్చు. ఇంకేం అక్కర్లేదు" అంది.

నేను ఇంతదాకా ఒక్క అంకె వేసిన దాన్ని కానని, తప్పు వేస్తే ఏడాదంతా పోతుందని, పిల్లల తలల మీద గోడ ఉందని అన్నాను. పిరికిదాన్ని కాదు నేను, ఉన్నమాటే అన్నాను.

"తొట్టె చూడు. దీపం చూడు. వీధిలో మనిషి ఆగాడేమో చూడు. నీకేమనిపించిందో అది వెయ్యి, తర్వాతే టీవీ పెట్టు" అంది. వణికే చేతుల్ని రెండు మోకాళ్ల కిందా పెట్టుకుంది. "ఇంకోటి, కియో. నేను పక్కగదిలోంచి అంకె అరుస్తాను, అలవాటు కదా, ఆపుకోలేను. వినకు. నాది వెయ్యొద్దు. నీది వేసి, సంతకం పెట్టి, అప్పుడు తలుపు తీసి ఎంతో నాకు చెప్పు."