పెద్దమ్మ తినకుండా ఉన్న శుక్రవారాలు

నా చిన్నప్పుడు మా ఇళ్లలో పుట్టినరోజన్నది పిల్లలకే లేదు, ఇక పెద్దవాళ్లకు ఎక్కడిది? ఇప్పుడు మొయినాబాద్ రోడ్డు మీద వెళ్తుంటే ఫంక్షన్ హాళ్ల ముందు నిలువెత్తు ఫ్లెక్సీలు కనిపిస్తాయి. యాభై నిండినవాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాటిల్లో నవ్వుతుంటారు. తప్పని అనను. మనిషి యాభై ఏళ్లు బతికి బట్టకట్టాడంటే సంతోషించాల్సిందే. నేను చూసిన మొట్టమొదటి యాభయ్యో పుట్టినరోజు మాత్రం మా పెద్దమ్మది, ఆలూరులో మా ఇంటి ముందు వేసిన టెంటు కింద జరిగింది. ఆ రోజు అందరూ పాటలు పాడారు, కేకు తిన్నారు. నేను మాత్రం బోనులో పడ్డ ఎలుకలా ఒక మూలన కూర్చున్నాను. అరవై దాటాను కాబట్టి ఇప్పుడు సిగ్గుపడకుండా చెప్పగలుగుతున్నాను.

మా పెద్దమ్మ అంటే బాపుకు, అంటే మా నాన్నకు, వదిన. పెదబాపు పోయాక మాతోనే ఉండిపోయింది. ఆమెకు పిల్లలు లేరు. తమ్ముడు పుట్టి అమ్మ పక్కలో నా చోటు పోయిన నాటి నుంచి నేను పెద్దమ్మ పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె చెయ్యి మీద తల పెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

మా బాపు చేవెళ్లలో ఒక బడిలో బంట్రోతు. సార్లకు చాయ్ అందించీ అందించీ, తన బిడ్డ కూడా ఒకనాడు అలా కుర్చీలో కూర్చోవాలని ఆయనకు గట్టి పట్టుదల పుట్టింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు పట్నంలో ఒక హాస్టల్లో సీటు మాట్లాడి వచ్చాడు. జూన్‌లో చేరాలి. పోతావా అని నన్నెవరూ అడగలేదు. పిల్లలను అడిగే అలవాటు ఆ రోజుల్లో ఎవరికుందీ? నేనూ పోనని అనలేదు. బాపు ముందు నిలబడి వద్దు అనే మాట అంతవరకు నా నోట రాలేదు.

ఆ ఎండాకాలంలోనే టమాట గంపలు దించుతుంటే ఎడ్లబండి మీది నుంచి జారిపడ్డాను. కుడి మోకాలు చెక్కుకుపోయి బాగా వాచింది. నాలుగు రోజులు నిజంగానే అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. ఐదో రోజుకు వాపు దిగింది. మెల్లగా లేచి నిలబడి చూసుకుంటే నొప్పి లేదు. సరిగ్గా అప్పుడే వాకిట్లో బాపు అమ్మతో అంటున్నాడు, “కాలు గిట్లుంటే పిల్లను హాస్టల్‌కు ఎట్ల తోలాలె? నయమైనంక చూద్దాం తియ్యి.” అంతే, నేను మళ్లీ చాప మీద కూలబడ్డాను.

అబ్బ, ఆ కుంటుడు! తోటి పిల్లలు చింతచెట్ల కింద గంతులేస్తుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. పరుగెత్తాలని మనసు పీకేది. ఎవరూ లేని పూట పశువుల కొట్టంలో దూడ వెంట నాలుగు చుట్లు ఉరికి, అలికిడి కాగానే గోడ పట్టుకుని వంగిపోయేదాన్ని. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు కాలు అటూ ఇటూ వంచి చూసి ఎముకకేమీ కాలేదన్నాడు. ఆయన ఉన్నమాటే చెప్పాడు. నమ్మనిది మా వాళ్లే. నరం పట్టేసిందని వాళ్లకు వాళ్లే తేల్చుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ నా కోసం శుక్రవారాలు ఉపవాసం పట్టింది. మేం క్రైస్తవులం, మా వాళ్లలో అది ఉన్నదే. ఎవరికైనా కష్టం వస్తే ఇంట్లో ఒకరు శుక్రవారం పొద్దంతా నీళ్లతోనే ఉండి, పొద్దువాలాక మోకరించి ప్రార్థన చేసి, ఆ తరువాతే అన్నం ముట్టుకుంటారు. అయితే పెద్దమ్మకు ఉపవాసమైనా కలుపు తీయక తప్పదు. ఎండలో ఎంగిలిపడకుండా పనిచేసి, ఇంటికి వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని నా మోకాలికి నూనె రాస్తూ ప్రార్థన చేసేది. ఒక శుక్రవారం ప్రార్థనయ్యాక లేవబోయి, కళ్లు తిరిగి గోడకు చేరబడింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. చెబితే పట్నం, చెప్పకపోతే ఆమె ఆకలి. ఎటూ తోచక దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఆమె నా కాలు ఇంకాసేపు ఒత్తింది.

వానలు పడ్డాక, హాస్టల్లో నా సీటు ఇంకెవరికో ఇచ్చేశారని కబురొచ్చింది. ఆ వారమే, శుక్రవారం ప్రార్థన కాగానే లేచి మామూలుగా నడిచాను. నా ఉద్దేశం కుంటుడు మానెయ్యాలనే తప్ప అద్భుతం చెయ్యాలని కాదు. కానీ ఊరు ఊరంతా అద్భుతమంది. అమ్మ ఏడ్చింది. చర్చిలో అయ్యగారు నన్ను ముందుకు పిలిచి అటూ ఇటూ నడిపించారు. అదే ఊపులో ఆయన పాత బాప్తిస్మాల పుస్తకం తిరగేస్తుంటే పెద్దమ్మ పుట్టిన తేదీ కనిపించింది. ఆ నెలలోనే యాభై నిండుతున్నాయి. ఇంకేం, ఆ రోజు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలన్నారు. అలాంటి కూడికలో పుట్టినరోజు మనిషి లేచి, దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. మేలు పొందినవాళ్లు కూడా పక్కన నిలబడి చెప్పాలి. అంటే నేను. కుంటేటప్పుడు అరుగు దాకా అయినా పోగలిగాను. ఇప్పుడు ఎటు పోదామన్నా దారి లేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. బాపు పట్నం నుంచి కేకు తెచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చినా ఒక మూల నలిగిపోయింది. ఊళ్లో చాలామంది కేకు చూడటం అదే మొదలు. నాకు కొత్త గౌను వేసి, అందరికీ కనపడాలని చాప మీద ముందు వరుసలో కూర్చోబెట్టారు. వెనక మనుషులు, పక్కన గోడ, ముందు కేకు పెట్టిన బల్ల. అయ్యగారి బస్సు ఇంకా రాలేదు.

అప్పుడు చిన్న మంగళారం నుంచి ఒకామె వచ్చింది. ఐదారేళ్ల కూతుర్ని చంకనెత్తుకుని, వానలో తడుస్తూ, రెండు బస్సులు మారి వచ్చింది. ఆ పిల్ల కాళ్లు రెండూ సన్నగా, పట్టు లేకుండా వేలాడుతున్నాయి. పోలియో. ఆమె నా పక్కనే కూర్చుని, తడిచెయ్యి నా మోకాలి మీద వేసి అడిగింది.

“నీకు నయమైందంట గద బిడ్డా. ఎన్ని శుక్కురారాలు పట్టింది? ఏం నూనె రాసిన్రు? జర చెప్పు తల్లీ, మా పిల్లకు గూడ చేయిస్త.”

ఆ పిల్ల నా కాళ్ల వంకే చూస్తోంది. ఇక అక్కడ కూర్చోలేకపోయాను. మనుషులను తోసుకుంటూ ఇంటి వెనక్కు పరుగెత్తాను. పుట్టినరోజు తనదే అయినా పెద్దమ్మ పెరట్లో బగారన్నం గుండిగ దగ్గర నిలబడి ఉంది.

“పెద్దమ్మా, నా కాలుకు ఏం గాలే. ఉత్తగనే కుంటిన.”

ఆమె గరిటె పక్కన పెట్టింది. చెంప పగులుతుందనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని నా తల నిమిరింది. “నాకు చెప్పినవు, మంచిగైంది. ఇగ పొయ్యి ఆమెకు చెప్పు” అంది.

“నువ్వే చెప్పు పెద్దమ్మా” అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

“ఆమె నన్ను అడగలే. నిన్ను అడిగింది.”

చెయ్యి పట్టుకుని టెంటు కిందికి తీసుకొచ్చింది. ఆ పది అడుగులు వేయడానికి నా కాళ్లు నిజంగానే రాలేదు. ఆ పిల్ల తల్లి ముందు నిలబడి, ఆమెకే వినపడేలా, “అత్తా, నేను అబద్ధం ఆడిన. నాకు ఏం కాలేదు” అన్నాను. ఆమె ఒళ్లో ఉన్న పిల్ల లంగా ఆ సన్నటి కాళ్ల మీదికి లాగి సర్దింది. “అట్లనా” అంది. తిట్టినా బాగుండేది.

పెద్దమ్మ ఆమె పక్కన చతికిలబడింది. “నీ బిడ్డది వేరే బీమారి చెల్లె. దీనికి నా ప్రార్థన ఒక్కటే చాలదు. పట్నంల గిసొంటి కాళ్లకు ఇనుప పట్టీలు, బూట్లు చేసిచ్చే దవాఖాన ఉన్నదంట. సోమారం నేను గూడ వస్త, పోదాం. ఇయ్యాలైతే తిని పో” అంది. అన్నట్టే వెళ్లింది కూడా, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ పిల్ల ఆ పట్టీలతోనే నడక నేర్చి, బడికి పోయి, ఇప్పుడు మనవలను ఆడిస్తోంది.

అయ్యగారు వచ్చి కూడిక మొదలుపెట్టారు. బైబిల్లో పూర్వం యాభయ్యో ఏడు వస్తే బానిసలను విడిచిపెట్టేవారని, అది విడుదల ఏడని వాక్యం చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. టెంటు నిండా ఉన్న మనుషులకు ఇంకా ఏమీ తెలియదు, బాపుకు అసలే తెలియదు. సాక్ష్యం చెప్పమని పెద్దమ్మను పిలిచారు. ఆమె నా చెయ్యి వదలకుండానే లేచింది.

“నాకు యాభై ఏండ్లు. మా ఆయన పోయిన్నాడు నేను గూడ పోతననుకున్న. పోలే. మా మరిది ఇంట్ల చోటిచ్చిండు. ఆయన పిల్లలు నన్ను ఒక్కదాన్ని పండనియ్యలే. ఇంతకన్న ఏం గావాలె నాకు? దేవునికి స్తోత్రం.”

అయ్యగారు నవ్వుతూ, పాప కాలు సంగతి కూడా చెప్పమ్మా అన్నారు. పెద్దమ్మ ఒకసారి నా వంక చూసి, అయ్యగారి వైపు తిరిగింది.

“అది అద్భుతం కాదయ్యగారూ. పిల్ల పట్నం పోవుడుకు భయపడి కుంటింది. పంపుతం పంపుతం అన్నం గని, పోతవానే అని ఒక్కరం గూడ దాన్ని అడగలే. మీరందరు అద్భుతమంటుంటే నేను కాదనలే, గది నా తప్పు. దానిది సగం, నాది సగం. మన్నించుండ్రి.”

అందరి కళ్లూ నా మీదే. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజం చెప్పడం కూడా సాక్ష్యమేనని, తానే ముందు తొందరపడ్డానని అన్నారు. తరువాత ఆడవాళ్లు మెల్లగా పాట ఎత్తుకున్నారు. నలిగిన మూల నాకు రాకుండా పెద్దమ్మ మంచి ముక్క కోసి చేతిలో పెట్టింది. నేను దాన్ని పట్టుకునే ఉన్నాను, తినలేదు.

భోజనాలయ్యాక బాపు పిలిచాడు. “గింత మాట చెప్పనీకి రెండు నెలలు కుంటాల్నానే?” అన్నాడు. భయమైంది బాపూ అన్నాను. “నేనంటెనా?” అని అడిగాడు. తలూపాను. ఆయన ముఖం చిన్నబోయింది. మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “పోతవా బిడ్డా? పోనంటె కోపం చెయ్య” అని అడిగాడు. ఏడుస్తూనే పోతానన్నాను. పోయి చదువుకున్నాను, బాపు అనుకున్నట్టు కుర్చీలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం పెరట్లో అంట్లు తోముతూ పెద్దమ్మను అడిగాను, నీకు ముందే తెలుసా అని.

“రెండో శుక్కురారం ఎడమ మోకాలుకు నూనె రాసిన. అమ్మా అని మూల్గినవు. దెబ్బ తాకింది కుడికాలుకు గదనే పిచ్చిదానా” అని నవ్వింది.

మరి నేను చెప్పకపోతే ఏం చేసేదానివి అన్నాను. తనకూ తెలియదనీ, సాక్ష్యానికి లేచి ఏం చెప్పాల్నో అని పొద్దున్నుంచీ అదే ఫికర్ పెట్టుకున్నాననీ అంది. నేనొక్కదాన్నే చిక్కుకున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. నాతోపాటు ఆమె కూడా అందులోనే ఉంది.

“తెలిసినంక గూడ గన్ని శుక్కురారాలు ఎందుకు తినకుంట ఉన్నవు?”

పెద్దమ్మ నీళ్లు పోస్తూ, వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. “నీ కాలుకు ఉపాసమెందుకే? నువ్వు నోరు తెరువాలని ఉపాసమున్న.”

ఆ తరువాత నేను మళ్లీ అబద్ధం ఆడలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఉద్యోగంలో ఆడాను, సంసారంలో ఆడాను. పెద్దమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. అయినా, ఏదైనా దాచిపెట్టిన రోజు కంచం ముందు కూర్చున్నానంటే, నా కోసం ఎవరో పొద్దున్నుంచి ఎంగిలిపడకుండా ఉన్నట్టే అనిపిస్తుంది. చెయ్యి కడుక్కుని లేస్తాను. వెళ్లి చెప్పాల్సిన వాళ్లకు చెప్పి వస్తాను. అప్పటిగ్గానీ నాకు ముద్ద దిగదు.