తమ్ముడు కానివాడు

ఆ వీధిలో ఇద్దరినీ కలిపే పిలిచేవారు, వడ్రంగులని. పెద్ద వడ్రంగి రంపం పట్టేవాడు, చిన్న వడ్రంగి చిత్రిక పట్టేవాడు. పని బల్ల ఒకటే, జిగురు గిన్నె ఒకటే. మతాలు మాత్రం వేరు. చిన్న వడ్రంగికి వెనకాముందూ ఎవరూ లేరు.

ఒంటిని నిప్పుకు అప్పగించకపోతే ప్రాణానికి దారి దొరకదని పెద్దవాడి నమ్మకం. ఒళ్లు చెక్కుచెదరకుండా మట్టిలో ఉండాలని, పిలుపు వచ్చిన రోజున ఆ ఒంటితోనే లేవాలని చిన్నవాడి నమ్మకం.

"పోనిద్దూ, అన్నీ ఒకటేరా" అనేవాడు పెద్దవాడు. ఆ మాటకు చిన్నవాడికి ఒళ్లు మండేది.

"ఒకటెలా అవుతాయన్నా? టేకూ మామిడీ ఒకటేనని కొనేవాడితో అంటావా? నీది తప్పని నేననను. నాదీ నీదీ ఒకటేనని నువ్వనకు."

"అబ్బో! చెక్క సంగతేమో గానీ మాటలు మాత్రం నున్నగా చిత్రిక పడతావురా."

చిన్నవాడు గుండె పట్టుకుని కుప్పకూలిన రోజు, ఆసుపత్రిలో బంధువులనే లోపలికి రానిచ్చారు. "నా తమ్ముడండీ" అన్నాడు పెద్దవాడు, తడుముకోకుండా. పెద్దవాడి మతమే తమ్ముడికీ రాసుకున్నాడు గుమాస్తా.

మర్నాటికి మనిషి లేడు.

"మధ్యాహ్నం బండిలో శ్మశానానికి పంపిస్తాం. దహనానికి అక్కడికే వచ్చెయ్యండి" అన్నాడు శవాల గది ఉద్యోగి.

పెద్దవాడు అడ్డుపడ్డాడు. "కాల్చకూడదు బాబూ. వాళ్ల మతంలో పూడ్చాలి."

"వాళ్లెవరు? మీ తమ్ముడేగా?"

"కాదు. అబద్ధం చెప్పాను."

"మరి ఏమవుతాడు?"

"ఏమీ కాడు."

"ఏమీ కానివాడికి శవాన్నెలా ఇస్తాం? దిక్కులేనివాళ్లనీ ఆ బండిలోనే పంపుతాం. అయినా తాతా, పోయాక ఏదైతేనేం? అన్నీ ఒకటే."

చెంప ఛెళ్లుమన్నట్టయింది.

చిన్నవాడు ప్రార్థనకు వెళ్లే చోటికి పరుగెత్తాడు. పరుగంటే ఏముంది, గోడలు పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ పోవడమే. అక్కడి మతపెద్ద చేతులు దొరకబుచ్చుకున్నాడు. "కాల్చేస్తున్నారయ్యా. మీవాడని వచ్చి చెప్పండి. నేను చెబితే వినరు."

వాళ్లు వచ్చేసరికి శవాన్ని బండిలోకి ఎక్కించేశారు. మతపెద్ద మాట్లాడి, సంతకం పెట్టి దింపించాడు. తనవాళ్లను పిలిపించాడు. శవాల గది తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"కడిగి సిద్ధం చెయ్యాలి. అది మావాళ్లే చెయ్యాలి. ఏమీ అనుకోకండి."

"అనుకోనండీ."

తలుపు మూసుకుంది. పెద్ద వడ్రంగి వరండాలో నేల మీద చతికిలబడ్డాడు. తను నమ్మిందే నిజమైతే, ఆ ప్రాణానికి ఇక దారి లేదు. ఉన్న ఒక్క దారినీ తనే చేజేతులా మూసి వచ్చాడు. తన నమ్మకం ఉత్తదేనని అనుకోగలిగితే గుండె కాస్త తేలికపడేది. అనుకోలేకపోయాడు.

లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు మొదలైంది.