దశమి నాటి దాహం

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్తున్నాను.

ఏటా శ్రావణ బహుళ ఏకాదశికి నర్సీపట్నంలో అన్నయ్య ఇంట్లో మా నాన్నగారి తద్దినం. ముందురోజు, దశమికే అందరం చేరతాం. కూరలు తరుగుతూ ఆయన కోపాలూ, ఆయన లెక్కల పాఠాలూ చెప్పుకుని నవ్వుకుంటాం. నేనూ నవ్వుతాను. ఆయన నిజంగా పోయిన తిథి ఇవాళేనని తెలిసి కూడా నవ్వుతాను.

ఆయన పోయిన రోజు ముసురు. కొయ్యూరు వైపు కొండలు కనిపించడం లేదు. ఇంట్లోకి కూడా మబ్బొచ్చి కూచున్నట్టుంది. నాన్నగారు మంచం మీద. నేను కింద చాప మీద, వారపత్రికలో సీరియల్ చదువుతూ. మధ్యాహ్నం పన్నెండు దాటేక ఆయన, “అమ్మడూ, మంచినీళ్ళు” అన్నారు. ఇస్తాను నాన్నా, ఒక్క పేజీ అన్నాను. పేజీ తిప్పేను. అక్షరాలు అలుక్కుపోయేయి. కలలో కూడా నీళ్ళే ముంచుతున్నాను. బిందెలో చెంబు ముంచి పైకి తీస్తే ఖాళీ. మళ్ళీ ముంచుతాను, మళ్ళీ ఖాళీ. దూరంగా ఎవరో పిలుస్తున్నారు, నేను వస్తున్నా వస్తున్నా అంటున్నాను. నిజంగానే పిలిచేరా? ఎన్నిసార్లు పిలిచేరు?

మెలకువ వచ్చేసరికి మూడున్నర. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అది అప్పటికప్పుడు వచ్చిన చల్లదనం కాదని నాకు తెలుసు.

కబురందుకుని అన్నయ్య, తను పాఠాలు చెప్పే మాకవరపాలెం బడి నుంచి పరుగున వచ్చేడు.

“ఆఖర్న ఏటైనా అడిగేరా?”

“మంచినీళ్ళడిగేరు. నా చేత్తో పోసేను. తాగి కళ్ళు మూసేరు. మూడున్నరకి.”

అన్నయ్య నా తల మీద చెయ్యి వేసి ఏడ్చేడు. “దాహంతో పోలేదు. అది చాలే తల్లీ.”

పంతులుగారు పంచాంగం చూసి, మూడింటికే దశమి వెళ్ళిపోయిందనీ, ఏకాదశి నాడు పోయిన పుణ్యాత్ముడనీ అన్నారు. వీధంతా అదే మాట. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? నెల రోజులుగా రాత్రుళ్ళు నిద్ర లేదని చెప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ నేను మేలుకుని ఉన్నప్పుడే అడిగేరు ఆయన. ఆ సంగతి ఎలా చెప్పను? పైగా తండ్రి గొంతు తడిపిన కూతురని అందరూ అంటుంటే, సిగ్గు లేకుండా, ఆ మాట నాకు తియ్యగా ఉంది.

అన్నయ్య ఏటా బలిఘట్టం దగ్గర ఏట్లో మునిగొచ్చి, తండ్రి దాహం తీరాలని నువ్వులూ నీళ్ళూ వదులుతాడు. ఒక్క ఏడూ తప్పలేదు. అడిగిన రోజు నేనివ్వలేదు. ఇవ్వాల్సిన రోజు వాడినీ ఇవ్వనివ్వలేదు.

ఈ ఏడు అన్నయ్యకి మోకాళ్ళు సహకరించలేదు. వచ్చే ఏటి నుంచి కొడుకు చూసుకుంటాడని తిథి కాగితం మీద రాసేడు. రాసి, నా వైపు తిరిగి, “ఏకాదశే కదే?” అన్నాడు. ఇంకెవరూ లేరు గదిలో. అంత మంచి అదను మళ్ళీ దొరకదు.

అవునన్నయ్యా అన్నాను.

వాడికి చెప్పలేనిది మీకు చెప్పేను. గుండె కాస్త తేలికపడింది. పడకూడదేమో. అయినా పడింది.