గాజుపెట్టె పక్కన పెంగ్విన్ల పుస్తకం

నా మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే నేపర్‌విల్‌లో అప్పుడు నడి చలికాలం. పార్కింగ్‌లో కారు దిగి ఆసుపత్రి తలుపు చేరేలోపే ముక్కు మొద్దుబారిపోయేది. లోపల, నెలలు తక్కువ పిల్లల వార్డులో, దాన్ని గాజుపెట్టెలో పడుకోబెట్టారు. అరచెయ్యంత పిల్ల. ముక్కుకి గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే వైరు. పెట్టెకి అతికించిన కార్డు మీద ‘బేబీ గర్ల్’ అని మాత్రం రాసి ఉండేది.

పేరు లేక కాదు. కూతురూ అల్లుడూ ముందే అనుకున్నారు, నాకూ చెప్పారు. కానీ మా రెండు కుటుంబాల్లోనూ బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద రాసి, తండ్రి బిడ్డ చెవిలో చెప్పేదాకా ఆ పేరుతో ఎవరూ పిలవరు. పిల్ల ఇంటికి రాగానే చేద్దామనుకున్నాం. నర్సు రోజూ అడిగేది, పేరు పెట్టారా అని. ఇంటికెళ్ళాక పెడతామని మా అమ్మాయి చెప్పేది.

పిల్లతో మాట్లాడుతూ ఉండండి, గొంతులు గుర్తుపడుతుంది అని చెప్పింది కూడా ఆ నర్సే. నాకు ఏం మాట్లాడాలో తోచేది కాదు. జోలపాట ఎత్తుకుంటే ఏడుపొచ్చేది. అందుకని లైబ్రరీ పుస్తకం ఒకటి తీసుకెళ్ళాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. తెలుగు మా అమ్మాయి నేర్పింది, ఇంగ్లీషు ఇక్కడి లైబ్రరీలో పెద్దవాళ్ళకి పెట్టే క్లాసులో నేర్చుకున్నాను. ఇప్పటికీ తడబడకుండా చదవగలిగేవి పిల్లల పుస్తకాలే. అప్పుడు నా దగ్గరున్నది దక్షిణ ధ్రువంలో బతికే పెద్ద జాతి పెంగ్విన్ల గురించి. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో కూడబలుక్కుని, పెట్టెకున్న గుండ్రటి కంత దగ్గర నోరు పెట్టి తెలుగులో చెప్పేదాన్ని.

ఆ పక్షులు చలికాలం మొదలవుతుండగా సముద్రం వదిలి, మంచు మీద చాలా దూరం నడిచి వెళ్తాయి. మిగతా జీవాలు దాదాపుగా అన్నీ ఆ చోటు విడిచిపోయే కాలంలో ఇవి పిల్లల కోసం అక్కడికి చేరతాయి. గూడు కట్టుకోవడానికి పుల్లా దొరకదు, రాయీ దొరకదు. తల్లి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాన్ని తన పాదాల మీంచి తండ్రి పాదాల మీదికి దొర్లించి, తిండి కోసం సముద్రానికి వెళ్ళిపోతుంది. అలా మార్చుకునేటప్పుడు గుడ్డు మంచు మీద కాసేపు ఉండిపోయిందా, లోపలంతా గడ్డకట్టిపోతుంది. తండ్రి దాన్ని పొట్ట కింది చర్మపు మడతలో దాచుకుని, పొద్దు సరిగా పొడవని ఆ కాలమంతా ఏమీ తినకుండా నిలబడతాడు. తండ్రులంతా ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని గుంపు కడతారు. గాలి కొట్టే అంచున ఉన్నవాళ్ళు మెల్లగా లోపలికి, లోపలివాళ్ళు అంచుకి జరుగుతూనే ఉంటారు.

మా అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టి, చొక్కా విప్పి, పిల్లని రొమ్ము మీద పడుకోబెట్టుకుని కుర్చీలో కదలకుండా కూర్చునేవాడు. అలా ఒంటికి ఒళ్ళు తగిలితే పిల్లకి మంచిదని డాక్టర్లే చెప్పారు. ఒక మధ్యాహ్నం నేను ఆ పేజీ చదువుతుంటే విని, “అన్నాళ్ళూ ఏమీ తినడా అత్తయ్యా? నయం, నాకు కింద వెండింగ్ మెషీన్ అయినా ఉంది,” అన్నాడు.

“చిప్స్ తిని ఆ చేతుల్తోనే దాన్ని ముట్టుకోకు,” అంది మా అమ్మాయి. కాన్పు తర్వాత అది నవ్వడం నేను చూసింది అప్పుడే.

మరునాడు పిల్ల పొట్ట ఉబ్బింది. పేగుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. గొట్టంలో పోసే పాలు ఆపేశారు. డాక్టరు మమ్మల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. అది చాలింది.

ఆ రోజు నేను చదవాల్సిన పేజీలో పిల్లలు పుట్టిన తర్వాతి సంగతి ఉంది. సముద్రం నుంచి తిరిగొచ్చిన తల్లి, ఒకేలా కనిపించే అన్ని పక్షుల మధ్య నిలబడి కూస్తుంది. ఆ కూత పట్టుకుని తండ్రి బదులిస్తాడు. పిల్ల కూడా ఆ గొంతులే నేర్చుకుంటుంది. తనవాళ్ళ గొంతు దొరకని పిల్లకి ఎవరూ తిండి పెట్టరు. గుడ్డు పోగొట్టుకున్నవి కొన్ని, మంచుగడ్డని పాదాల మీద పెట్టుకుని పొదుగుతాయట. ఆ మాట నేను పిల్లకి చెప్పలేదు. పుస్తకం మూసి బయటికొచ్చాను.

వరండాలో మా అమ్మాయిని పట్టుకుని, పేరు ఇక్కడే పెట్టేద్దాం, బియ్యం లేకపోతే మానె, మీ ఆయన దాని చెవిలో చెప్తే చాలు అన్నాను.

“ఇంటికి తీసుకెళ్ళాకే పిలుస్తానమ్మా. ఇప్పుడు పిలిస్తే గివప్ చేసినట్టే.”

“దానికి తన పేరు నీ నోట వినపడొద్దా?”

“నీకు ఆ పెంగ్విన్ల పిచ్చి పట్టింది. నా పిల్ల మంచులో లేదు, ఇంక్యుబేటర్‌లో ఉంది.”

మళ్ళీ అడగలేదు నేను. ఆ పేరుని అది ఇంటి కోసం అట్టేపెట్టుకుంది. ఇక్కడ వాడేస్తే పిల్ల ఇంటికి రాదని ఒప్పుకోవాలి. ఏ తల్లి ఒప్పుకుంటుంది?

తర్వాత రెండు రోజులకి, ఇక తాము చెయ్యగలిగింది లేదని చెప్పి గొట్టాలు తీసేసి, పిల్లని అల్లుడి రొమ్ము మీద పెట్టారు. అలారాలు మోగకుండా ఆపేశారు. పేరు చెప్పనా అన్నట్టు అల్లుడు మా అమ్మాయి వైపు చూశాడు. అది వద్దని తలూపింది. అతను కళ్ళు మూసుకుని పిల్ల వీపు మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయాడు. చాలాసేపటికి డాక్టరు వచ్చి, స్టెతస్కోప్ ఆనించి విని, అయిపోయిందని చెప్పింది.

అప్పుడు పిలిచింది మా అమ్మాయి. వీధి చివర ఆడుకుంటున్న పిల్లని అన్నానికి రమ్మని కేకేసినట్టు, పెద్దగా, ఆ పేరుతో. పక్క పెట్టెల దగ్గరున్న తల్లులు తలలు తిప్పారు. ఒక్కసారితో ఆపలేదు అది.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పేరు ఎవరూ అనరు. బయట మాత్రం మనవాళ్ళలో చాలామంది పెట్టుకుంటున్నారు. పోయిన వారం ఇండియన్ స్టోర్‌లో ఎవరో ఒకావిడ తన పాపని ఆ పేరుతో పిలిచింది. మా అమ్మాయి బెండకాయలు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. పాప ట్రాలీల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి తల్లి చున్నీ పట్టుకుంది. వాళ్ళు బిల్లు కట్టి బయటికి వెళ్ళేదాకా మా అమ్మాయి అటే చూస్తూ నిలబడింది. తర్వాత కవర్‌లో ఏరుకున్న బెండకాయలన్నీ తిరిగి కుప్పలో పోసేసి, “పద అమ్మా,” అంది.